మంచునదిపై నడకకు వెళ్తున్నారా? మీ ఒంటి సంగతి గైడుకు చెప్పండి



మన తెలుగు కుటుంబాల్లో చాలామంది పిల్లలు కెనడాలోనో, అమెరికాలోనో ఉంటున్నారు. వేసవి రాగానే అమ్మానాన్నలను రప్పించుకుని నాలుగు చోట్లు తిప్పి చూపిస్తారు. అలా చూపించే చోట్లలో కెనడాలోని అథబాస్కా హిమానీనదం ఒకటి. అల్బర్టా రాష్ట్రంలో, రాకీ పర్వతాల మధ్య, జాస్పర్ నేషనల్ పార్కులో ఇది ఉంది. దాని మీదికి పెద్ద పెద్ద చక్రాల బస్సులో వెళ్ళవచ్చు. లేదా చిన్న గుంపుగా, శిక్షణ పొందిన గైడు వెంట కాలినడకన వెళ్ళవచ్చు. ఈ పాఠం రెండవ పద్ధతి గురించి.

"మాకు చెట్లు, కొండలు ఎక్కడం కొత్తా?" అని మీరు అనవచ్చు. మంచుపై నడక వేరు. అక్కడ చలి, గాలి, ఎండ, జారుడు నేల నాలుగూ ఒకేసారి మన శరీరం మీద పనిచేస్తాయి. ఆరోగ్యవంతులు తట్టుకుంటారు. షుగర్, బి.పి., ఆయాసం, మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు కూడా కొన్ని జాగ్రత్తలతో వెళ్ళి రావచ్చు. అయితే ఒక షరతు ఉంది. వారి జబ్బు సంగతి గైడుకు ముందుగా తెలిసి ఉండాలి.

హిమానీనదం అంటే ఏమిటి?

ఎత్తైన కొండల మీద ఏటేటా పడిన మంచు కరగకుండా ఒకదానిపై ఒకటి పేరుకుని, తన బరువుకు తానే గట్టిపడి గడ్డ కడుతుంది. ఆ గడ్డ చాలా మందంగా పెరిగాక మెల్లగా పల్లానికి జరుగుతుంది. అందుకే దీనిని నది అన్నారు. అథబాస్కా హిమానీనదం పొడవు సుమారు 6 కిలోమీటర్లు. మంచు మందం కొన్నిచోట్ల 90 మీటర్లు, కొన్నిచోట్ల 300 మీటర్ల వరకు ఉంటుంది. అంటే నాలుగు కుతుబ్ మినార్లు ఒకదానిపై ఒకటి నిలబెట్టినంత అన్నమాట.

గట్టి గడ్డ ఎత్తుపల్లాల మీదుగా జరిగేటప్పుడు పైభాగం విచ్చుకుని పగుళ్ళు ఏర్పడతాయి. కొన్ని పగుళ్ళు కంటికి కనబడతాయి. కొన్నింటిపై కొత్త మంచు పలుచగా కప్పేసి, పైనుంచి చూస్తే చదును నేలలాగే ఉంటాయి. ప్రమాదమంతా వాటిలోనే. అందులో పడిన మనిషి కిందికి పోయేకొద్దీ ఇరుకైన గోడల మధ్య చిక్కుకుంటాడు. ఒంటి వేడికి చుట్టూ ఉన్న మంచు కరిగి, ఇంకా లోపలికి జారతాడు. తాడు దించి పైకి లాగేలోపు శరీరం చల్లబడిపోవచ్చు. శిక్షణ పొందిన గైడు, సామగ్రి లేకుండా మంచుపైకి పోరాదని అక్కడ హెచ్చరిక బోర్డులు పెట్టడానికి కారణం ఇదే. తాడు కట్టిన హద్దు దాటి, "ఒక్క ఫోటో దిగి వస్తాం" అని పోరాదు.

మరొక సంగతి. ఈ మంచునది గత 125 ఏళ్ళలో 1.5 కిలోమీటర్లకు పైగా వెనక్కు తగ్గింది. ఏ సంవత్సరంలో మంచు ఎక్కడిదాకా ఉండేదో చూపే గుర్తులు దారిలో కనబడతాయి. ఆ గుర్తుల మధ్య ఇప్పుడు ఉన్నవి రాళ్ళు, గులకలు మాత్రమే. వేసవిలో రోజూ కొంత కరిగి, కొత్త పగుళ్ళు వస్తాయి. నీరు బావిలా లోపలికి దూకే గొయ్యిలు ఏర్పడతాయి. కాబట్టి "పోయినసారి మా అబ్బాయి వెళ్ళి వచ్చాడు, వాడికి దారి తెలుసు" అనే మాట ఇక్కడ చెల్లదు. పోయిన ఏటి దారి ఈ ఏడు ఉండదు. వారం వారం ఆ మంచుపై తిరిగే గైడుకే ఆ సంగతి తెలుస్తుంది.

చిన్న గుంపు ఎందుకు?

గైడు ముందు నడుస్తూ, కర్రతో మంచును పొడిచి చూస్తూ, సురక్షితమైన అడుగులు వేస్తాడు. వెనుకవారు అదే జాడలో అడుగు వేయాలి. గుంపు చిన్నదైతే అతను వెనుదిరిగి అందరి ముఖాలూ చూడగలడు. ఎవరి పెదవులు నీలంగా మారుతున్నాయి, ఎవరు తడబడుతున్నారు, ఎవరు మాట్లాడకుండా ఉండిపోయారు అన్నది గమనించగలడు. మా వార్డుల్లో ఒక నర్సు కింద రోగులు తక్కువగా ఉన్నప్పుడు ఎవరి పరిస్థితి మారుతున్నదో త్వరగా తెలుస్తుంది గదా, ఇదీ అంతే.

బుక్ చేసుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి.

1. ఒక్కో గైడు వెంట ఎందరు వస్తారు?
2. గైడు కెనడా పర్వత గైడ్ల సంఘం నుంచి అర్హత పొందినవారా?
3. మధ్యలో ఒకరు నడవలేకపోతే వారిని ఎలా వెనక్కు తెస్తారు?

గైడు ఉన్నంత మాత్రాన అపాయం పూర్తిగా పోదు. 2024 ఆగస్టు 25న ఐస్‌లాండ్‌లో గైడ్ల వెంట హిమానీనదం చూడడానికి వెళ్ళిన పర్యాటకులపై మంచు కూలి ఒకరు మరణించారు. అందువల్ల "ఈ రోజు వద్దు" అని గైడు అంటే, డబ్బు కట్టాం గదా అని వాదించకండి. ఆ మాట చెప్పగలిగినవాడే మంచి గైడు.

ఫారంలో ఏమి రాస్తున్నారు?

నడకకు ముందు ఒక ఫారం నింపి సంతకం చేయాలి. అందులో జబ్బులు, మందులు, అలర్జీల గురించి అడుగుతారు. మన ఇళ్ళలో జరిగేది ఇది. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. కొడుకో, కోడలో గబగబా నింపేస్తారు. అమ్మానాన్నలను అడగకుండానే జబ్బుల గడిలో "ఏమీ లేవు" అని రాస్తారు. షుగర్ ఉందని రాస్తే రానివ్వరేమోనని కొందరికి భయం. నలుగురిలో చెప్పుకోవడం కొందరికి నామోషీ.

ఆసుపత్రిలోనూ ఇదే చూస్తుంటాము. "మందులేమైనా వాడుతున్నారా?" అంటే "లేదండీ" అంటారు. కాసేపటికి వెంట వచ్చినవారు సంచిలోనుంచి మూడు రకాల మాత్రలు తీస్తారు. ఆసుపత్రిలో అయితే రక్తపరీక్షలో సంగతి బయటపడుతుంది, డాక్టరుగారు పక్కనే ఉంటారు. మంచు మీద ఆ పరీక్షలు ఉండవు. జాస్పర్ ఊరు అక్కడికి సుమారు 100 కిలోమీటర్ల దూరం. ఆ దారిలో చాలాచోట్ల సెల్ ఫోను పనిచేయదు. అక్కడ మీకు మొదటి సహాయం చేసేది ఆ గైడే. అతనికి తెలిసేది మీరు చెప్పినంతే.

అందరి ఎదుట చెప్పడం ఇబ్బంది అనిపిస్తే బయలుదేరే ముందు పక్కకు పిలిచి చెప్పండి. మందుల పేర్లు, మోతాదు ఒక చిన్న కాగితంపై రాసి, ఒకటి మీ జేబులో, మరొకటి గైడు దగ్గర ఉంచండి. "వద్దు" అంటే ఆ రోజు ఆగిపోండి. చాలాసార్లు వారు వద్దనరు. దారి తగ్గిస్తారు, ఎక్కువసార్లు ఆపుతారు, మిమ్మల్ని తమ వెనుకే నడిపించుకుంటారు.

చలి దెబ్బా? షుగర్ తగ్గడమా?

ఈ పాఠంలో ముఖ్యమైన భాగం ఇదే, నెమ్మదిగా చదవండి.

మన శరీరం లోపలి వేడి మామూలుగా 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. అది 35 కంటే తగ్గితే దానిని హైపోథెర్మియా అంటారు. గాలి, తడి బట్టలు, అలసట, ఖాళీ కడుపు దీనికి తోడవుతాయి. మంచునది మీది చల్లని గాలి బరువుగా పల్లానికి జారుతూ ఉంటుంది కాబట్టి ఎండ కాస్తున్న జూలైలో కూడా అక్కడ చలి గాలి వీస్తుంది.

మొదటి లక్షణాలు: వణుకు, చేతుల్లోని వస్తువులు జారిపోవడం, కాళ్ళు తడబడడం, మాట ముద్దగా రావడం, చిరాకు, అయోమయం. పరిస్థితి ముదిరితే వణుకు ఆగిపోతుంది. వణుకు ఆగింది గనుక బాగయిందని అనుకోకండి. అది ప్రమాద సూచన.

ఇప్పుడు రక్తంలో షుగర్ బాగా తగ్గినప్పుడు వచ్చే లక్షణాలు చూడండి: వణుకు, చెమట, గుండెదడ, ఆకలి, కాళ్ళు తడబడడం, మాట ముద్దగా రావడం, చిరాకు, అయోమయం.

రెండు జాబితాలూ దాదాపు ఒకటేగా ఉన్నాయి గదా! ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారికి రెండు మూడు గంటల నడకలో షుగర్ పడిపోవచ్చు. చలికి వణకడం కూడా చక్కెరను ఖర్చు చేస్తుంది. మీకు షుగర్ ఉందని గైడుకు తెలియకపోతే, మీ వణుకు చూసి చలి అనుకుని ఇంకో కోటు కప్పుతాడు. కోటు కప్పితే షుగర్ పెరగదు. విలువైన పది నిమిషాలు పోతాయి.

బి.పి. కోసమో, గుండె కోసమో అటెనలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు వేసుకునేవారిలో షుగర్ తగ్గినా వణుకు, గుండెదడ సరిగా తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. చలిగాలిలో కారణం లేకుండా చెమట పడితే వెంటనే చెప్పండి.

అప్పుడు ఏమి చేయాలి?

- గైడును పిలిచి, గుంపును ఆపించండి. గైడు చూపిన చోటే, గాలి తగలని పక్కన, సంచీ వేసుకుని దానిపై కూర్చోండి. మంచు మీద నేరుగా కూర్చోరాదు.
- గ్లూకోమీటరు ఉంటే చూడండి. 70 కంటే తక్కువైతే మూడు టీస్పూన్ల పంచదార లేదా గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూడండి. బాగా చలిలో గ్లూకోమీటరు పనిచేయకపోవచ్చు, కాబట్టి దానిని కోటు లోపల ఉంచుకోండి.
- ఏది కారణమో తేలకపోతే, మనిషి మెలకువగా ఉండి మింగగలిగితే, తీపి ఇవ్వండి. చలి దెబ్బ తగిలినవారికి కూడా గోరువెచ్చని తీపి పానీయం మేలే చేస్తుంది.
- తడి బట్టలు మార్చి, పొడి బట్టలు, టోపీ, దుప్పటి కప్పండి. చేతులు, కాళ్ళు గట్టిగా రుద్దరాదు.
- మద్యం ఇవ్వరాదు. ఒళ్ళు వెచ్చబడినట్టు అనిపిస్తుంది గానీ, లోపలి వేడి బయటికి పోతుంది.
- స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయరాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, శ్వాస ఆడుతున్నదో లేదో గమనిస్తూ ఉండండి. రేడియోతో సహాయం పిలవడం గైడు చూసుకుంటాడు.

మిగతా జబ్బులవారికి

ఇన్సులిన్ వాడేవారు: ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు. సంచిలో పెట్టకుండా లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా ఉంచండి. ఒకసారి గడ్డకట్టినది కరిగినా వాడరాదు. ఆ రోజు మోతాదు ఎంత వేసుకోవాలో ముందే డాక్టరుగారిని అడగండి. సొంతంగా మార్చకండి.

షుగర్ వల్ల పాదాలు తిమ్మిరెక్కినవారు: మంచుకు వేసుకునే బూట్లు బిరుసుగా ఉంటాయి. ఒరుసుకుని పుండు పడినా మీకు నొప్పి తెలియదు. ఇప్పటికే పుండు ఉన్నవారు ఈ నడకకు వెళ్ళరాదు. వెళ్ళివచ్చినవారు ఆ రాత్రి వెలుతురులో రెండు పాదాలూ, వేళ్ళ సందులూ చూసుకోండి.

గుండె జబ్బు, బి.పి. ఉన్నవారు: చలిగాలికి రక్తనాళాలు ముడుచుకుని, బి.పి. పెరిగి, గుండెకు పని ఎక్కువవుతుంది. రెండు అంతస్తుల మెట్లు ఎక్కితే ఛాతీ పట్టేసేవారు ముందు డాక్టరుగారికి చూపించుకోండి. నాలుక కింద పెట్టుకునే మాత్ర రాసి ఇచ్చి ఉంటే జేబులో ఉంచుకోండి.

ఉబ్బసం ఉన్నవారు: చల్లని పొడి గాలి ఆయాసాన్ని రేపుతుంది. ముక్కు, నోరు మీద మెత్తని గుడ్డ కట్టుకోండి. ఇన్‌హేలరు ఒంటికి దగ్గరగా ఉంచుకోండి.

రక్తం పలుచబడే మందులు వాడేవారు, గర్భిణీ స్త్రీలు, ఈమధ్య మోకాలికి గానీ తుంటికి గానీ ఆపరేషన్ అయినవారు: ఒక్క జారుడు కూడా పెద్ద ముప్పు కావచ్చు. బస్సులో వెళ్ళి చూడడమే వీరికి మంచిది. ఆ సవారీ కూడా కుదుపులు లేనిది కాదు, కాబట్టి దానికైనా డాక్టరు సలహా తీసుకోండి.

ఎత్తు సంగతి: అథబాస్కా మంచు అంచు సముద్ర మట్టానికి సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉంది. మన ఊటీ సుమారు 2,240 మీటర్లు. కాబట్టి ఈ ఎత్తు చాలామందికి ఇబ్బంది కలిగించదు. కానీ ఈ మాటను గంగోత్రి దాటి గోముఖ్ వెళ్ళేవారు తమకు అన్వయించుకోరాదు. గోముఖ్ సుమారు 4,000 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ తలనొప్పి, వాంతులు, ఆయాసంతో వచ్చే కొండ జబ్బు నిజమైన ప్రమాదం.

బట్టలు, కళ్ళు, నీళ్ళు

చీర, లుంగీ, వదులు సల్వారు, చున్నీ పనికిరావు. బూట్ల కింద కట్టే ఇనుప ముళ్ళ పట్టీలను క్రాంపాన్లు అంటారు. వదులు బట్ట వాటికి తగులుకుంటే ముందుకు పడిపోతారు. నూలు బట్టలు, జీన్స్ కూడా వద్దు. చెమటకు, మంచుకు తడిసిన నూలు ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. లోపల పాలిస్టరు లేదా ఉన్ని బనియను, దానిపై స్వెట్టరు, ఆపైన గాలీ వానా ఆపే కోటు వేసుకోండి. వేడిగా అనిపిస్తే ఒకటి తీసేయండి, చెమట పట్టనీయకండి. ఒక జత మందపు ఉన్ని మేజోళ్ళు చాలు. రెండు మూడు జతలు బిగించి తొడిగితే రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి. ఎండగా ఉన్నా చేతి తొడుగులు తీయకండి. మంచు గాజుపెంకులా గరుకుగా ఉంటుంది, పడితే అరచేతులు చీరుకుపోతాయి.

కొత్త మంచు తనపై పడిన అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం వరకు తిప్పికొడుతుంది. అంటే ఎండ పైనుంచీ, కిందినుంచీ కూడా తగులుతుంది. పక్కలు మూసిన నల్ల కళ్ళద్దాలు తప్పనిసరి. లేకపోతే ఆ రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం వస్తుంది. అలా వస్తే కళ్ళు నలపకుండా, చీకటి గదిలో ఉండి, చల్లని తడిగుడ్డ వేసుకుని, డాక్టరుకు చూపించండి. "మనం నల్లవాళ్ళం, మనకు ఎండ ఏమి చేస్తుంది?" అనుకోరాదు. ఎస్.పి.ఎఫ్. 30 క్రీము ముఖానికీ, గడ్డం కిందా, ముక్కు కిందా కూడా రాసుకోండి.

ఇక ఆడవారికి ఒక మాట. మంచు మీద మరుగుదొడ్లు ఉండవని ఉదయం నుంచీ నీళ్ళు మానేసేవారు ఉన్నారు. అలా చేయకండి. నీళ్ళు తగ్గితే తలతిరుగుడు వస్తుంది. బయలుదేరే ముందు మరుగుదొడ్డికి వెళ్ళి, దారిలో కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి. మూత్రం ఎక్కువగా వచ్చే బి.పి. మాత్రను ఆ రోజు ఎప్పుడు వేసుకోవాలో డాక్టరుగారిని అడగండి.

మంచు మీద నడిచే పద్ధతి

కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి, మోకాళ్ళు కాస్త వంచి, చిన్న అడుగులు వేయండి. పాదం మొత్తం ఒకేసారి ఆనితే ముళ్ళన్నీ మంచులో దిగుతాయి. మడమ మీదో, అంచు మీదో నడిస్తే జారుతుంది. గైడు జాడ విడిచి పక్కకు పోకండి. ఫోటో తీయాలంటే ఆగి తీయండి, నడుస్తూ తీయకండి. దిగేటప్పుడు మోకాళ్ళ మీద భారం ఎక్కువ. శక్తి అంతా ఎక్కడానికే ఖర్చు చేయకుండా సగం దిగడానికి దాచుకోండి.

ఇంగ్లీషు రాని పెద్దలు కనీసం నాలుగు మాటలు నేర్చుకుని వెళ్ళండి. "స్టాప్" అంటే ఆగండి. "కోల్డ్" అంటే చలి. "డిజ్జీ" అంటే తల తిరుగుతున్నది. "షుగర్ లో" అంటే షుగర్ తగ్గింది. పిల్లలు వెనుక ఎక్కడో ఉన్నా ఈ నాలుగు మాటలతో గైడుకు సంగతి తెలుస్తుంది. పిల్లలు సంతోషంగా ఉన్నారు, వారి సరదా ఎందుకు చెడగొట్టాలని నోరు మూసుకుని నడవకండి. మొదట్లోనే చెబితే అయిదు నిమిషాల విశ్రాంతితో సరిపోతుంది. ఆలస్యంగా చెబితే హెలికాప్టరు పిలవవలసి రావచ్చు.

గుర్తుంచుకోండి

1. ప్రయాణానికి నెల ముందు డాక్టరును కలవండి. రోజూ గంటసేపు నడక, మెట్లు ఎక్కడం అలవాటు చేసుకోండి.
2. ఇన్సూరెన్సు కాగితం చదివించుకోండి. పాత జబ్బులకూ, ఇలాంటి నడకలకూ అది వర్తిస్తుందో లేదో కనుక్కోండి.
3. ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయించండి.
4. గ్లూకోజు, మందులు, గ్లూకోమీటరు లోపలి జేబులో ఉండాలి.
5. గైడు జాడలోనే నడవండి. గైడు వెనక్కు అంటే వెనక్కే.

ఇంట్లో ఒకరినొకరు అడిగి చూసుకోండి

1. మంచు మీద వణుకుతున్న షుగర్ రోగికి కోటు కప్పడంతో ఎందుకు సరిపోదు?
2. వణుకు ఆగిపోతే అది మంచిదా, చెడ్డదా?
3. ఇన్సులిన్ ఎక్కడ పెట్టుకోవాలి?
4. పోయిన ఏడు వెళ్ళివచ్చినవారు ఈ ఏడు దారి చూపలేరు, ఎందుకు?
5. మన ఇంట్లో ఎవరు ఏ మందులు వాడుతున్నారు? ఆ పేర్లు మనలో ఎందరికి తెలుసు?

చివరి ప్రశ్నకు జవాబు దొరక్కపోతే, ప్రయాణం ఉన్నా లేకపోయినా ఈ రోజే కూర్చుని ఒక కాగితంపై రాసి పెట్టుకోండి.